లెక్కలు తెలిసిన మనిషి ఎలా నమ్మారు? ఎవరిని నమ్మాలో మనం ఎలా తేల్చుకుంటాం?

అమ్మా, మీరు అడిగినదాన్ని చదివేవాళ్ల కోసం ముందుగా క్లుప్తంగా చెబుతాను. మీ నాన్నగారు లెక్కల మాస్టారుగా రిటైరయ్యారు, వయసు 71. కూరగాయల బండి దగ్గర కూడా తూకం సరిచూసుకునే మనిషి. అలాంటి ఆయన మీ వీధిలో 22 ఏళ్లుగా చీటీలు నడుపుతున్న ఒకావిడ దగ్గర రెండు రూపాయల వడ్డీకి విడతలు విడతలుగా 9 లక్షలు ఉంచారు. ఈ జనవరిలో ఆవిడ ఇంటికి తాళం వేసి వెళ్లిపోయారు. ఏడాది ముందే మీరూ మీ తమ్ముడూ వద్దని చెప్పినా ఆయన వినలేదు. మీరు అడిగినవి మూడు. కన్నబిడ్డల మాట కాదని పరాయి మనిషి మాట ఎలా నమ్మారు? నమ్మదగిన మనిషిని ముందే గుర్తుపట్టే పద్ధతి ఉందా? లేదంటే ఇకమీదట ఎవరినీ నమ్మకూడదా?

నేను 34 ఏళ్లు బ్యాంకులో పనిచేశాను. అందులో ఎక్కువ కాలం పల్లెటూరి శాఖల్లోనే. ఎదురుగా కూర్చున్న మనిషికి అప్పు ఇవ్వాలా వద్దా అని తేల్చడమే నా రోజువారీ పని. చాలాసార్లు తప్పాను. ఎందుకు తప్పానో తెలుసుకోవాలని మనస్తత్వ శాస్త్రవేత్తలు నమ్మకం గురించి చేసిన పరిశోధనలు చదవడం మొదలుపెట్టాను. నా అనుభవాన్నీ ఆ చదువునూ కలిపి చెబుతున్నాను.

సూటిగా చెప్పాలంటే ఇదీ సమాధానం. ముఖం చూసి, మాట విని మనిషి నమ్మదగినవాడో కాదో చెప్పగల శక్తి మనలో దాదాపు ఎవరికీ లేదు. మీ నాన్నగారికి తెలివి తక్కువై ఇలా జరగలేదు. నమ్మేటప్పుడు మనం ఎవరమూ మాటను పరీక్షించం. ఆ మనిషి ఎన్నాళ్లుగా మన కళ్ల ముందున్నారు, మనకు ఎవరు పరిచయం చేశారు, మనతో ఎలా మెలిగారు అన్నవి చూసి నమ్ముతాం. నూటికి తొంభై పనులు అలాగే సాఫీగా జరిగిపోతాయి. పెద్ద డబ్బు విషయంలో మాత్రం ఆ గుర్తులు చాలవు, ఎందుకంటే అవి అసలు ప్రశ్నకు జవాబు చెప్పవు. అసలు ప్రశ్న ఏమిటో కింద రాస్తాను.

ముఖాల సంగతి ముందు చెబుతాను. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో మా మేనేజరుగారు ఒక సూత్రం చెప్పారు: "కళ్లలోకి చూసి మాట్లాడేవాడికి ఇవ్వు, నేల చూపులు చూసేవాడికి ఇవ్వకు." నాలుగైదేళ్లు దాన్నే పట్టుకుని నడిచాను. ఒక మార్చి నెలలో మొండి బకాయిల జాబితా ముందు పెట్టుకుని, ఒక్కొక్క పేరు దగ్గర ఆగి ఆ మనిషి ఆ రోజు నా ముందు ఎలా కూర్చున్నాడో గుర్తు తెచ్చుకున్నాను. కళ్లలోకి చూసినవాళ్లు ఎంతమందో, నేల చూపులు చూసినవాళ్లూ ఇంచుమించు అంతమందే. పల్లెటూరి మనిషి ఆఫీసరు ముందు తల దించుకుని కూర్చోవడం మర్యాద. దాన్ని నేను దొంగచూపుగా లెక్కగట్టి ఎంతమందికి అన్యాయం చేశానో తలచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది.

చాలా ఏళ్ల తర్వాత చదివితే తెలిసింది, ఇది నా ఒక్కడి లోపం కాదని. చార్లెస్ బాండ్, బెల్లా డిపౌలో అనే ఇద్దరు అమెరికా పరిశోధకులు 24 వేల మందికి పైగా పాల్గొన్న ప్రయోగాల ఫలితాలను కలిపి 2006లో ప్రచురించారు. ఎదుటి మనిషి చెప్పింది నిజమా అబద్ధమా అని తేల్చడంలో మనుషులు సగటున 100కు 54 సార్లు మాత్రమే సరిగా చెప్పగలిగారు. నాణెం ఎగరేసి చెప్పినా 50 వస్తాయి. అదే సంవత్సరం ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంలో జనీన్ విల్లిస్, అలెగ్జాండర్ టోడొరోవ్ మరొక సంగతి చూపించారు. కొత్త ముఖాన్ని సెకనులో పదోవంతు సేపు చూపిస్తే చాలు, ఈ మనిషిని నమ్మవచ్చా లేదా అని మనసు తీర్పు ఇచ్చేస్తుంది. ఇంకా ఎక్కువ సేపు చూడనిస్తే ఆ తీర్పు పెద్దగా మారదు. దాని మీద మన ధీమా మాత్రం పెరుగుతుంది. ఈ రెండో మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. అరగంట కూర్చోబెట్టి ప్రశ్నలు వేసి "మనిషిని బాగా అంచనా వేశాను" అనుకున్న రోజుల్లో నేను పెంచుకున్నది నా ధీమాను మాత్రమే.

పైగా మన మనసు మొదట నమ్ముతుంది, అనుమానం ఆ తర్వాత వస్తుంది. తిమోతీ లెవీన్ అనే పరిశోధకుడు ఈ విషయం మీదే ఏళ్ల తరబడి పనిచేశారు. కారణం లేకుండా ఎవరూ అబద్ధం చెప్పరని మనం అనుకుంటాం, బలమైన కారణం కనబడేదాకా నమ్మకంలోనే ఉంటాం అని ఆయన అంటారు. ఇది లోపమని నేను అనుకోను. పాలవాడు పోసిన కొలతను, డాక్టరు రాసిన మందును, బస్సు డ్రైవరు చేతిలోని స్టీరింగును రోజూ అనుమానిస్తూ కూర్చుంటే బతుకు ఒక్క పూట కూడా ముందుకు సాగదు.

ఇక అసలు ప్రశ్న. "ఈ మనిషి మంచివారా?" అనేది ఒక ప్రశ్న. "ఈ డబ్బు తిరిగి ఇవ్వగలరా?" అనేది వేరే ప్రశ్న. మనం మొదటిదానికి జవాబు వెతికి, దాన్నే రెండోదానికి కూడా రాసేసుకుంటాం. రోజర్ మేయర్, జేమ్స్ డేవిస్, డేవిడ్ స్కూర్‌మన్ అనే ముగ్గురు 1995లో నమ్మకాన్ని మూడు పాయలుగా విడదీశారు: పని చేయగల సామర్థ్యం, మన మేలు కోరే మనసు, మాట మీద నిలబడే నిజాయతీ. అది చదివినప్పుడు మా బకాయిల జాబితా మళ్లీ కళ్ల ముందు కదిలింది. అందులో నన్ను మోసం చేద్దామని వచ్చినవాళ్లు చాలా తక్కువ. "ఉగాదికి కట్టేస్తానండీ" అన్న మిర్చి రైతు ఆ మాట మనస్ఫూర్తిగానే అన్నాడు. ఆ ఏడాది ధర పడిపోయింది. అతని కళ్లలో నిజాయతీ ఉంది, నేను చూసిందీ అదే. నేను చూడవలసింది మాత్రం గిడ్డంగిలో సరుకు ఎంత ఉంది, బయట అప్పు ఎంత ఉంది అన్నది.

మీ వీధి చీటీ ఆవిడను నేను చూడలేదు కాబట్టి ఆవిడ మనసులో ఏముందో చెప్పలేను. కానీ ఊళ్లలో చీటీలు ఎలా మునుగుతాయో చాలాసార్లు దగ్గరగా చూశాను. ముందే పాట పాడుకుని డబ్బు ఎత్తుకున్నవాళ్లలో ఇద్దరో ముగ్గురో నెలనెలా కట్టడం మానేస్తారు. పరువు పోతుందని నడిపేవాళ్లు తమ చేతి డబ్బు వేసి సర్దుతారు. అది చాలక వడ్డీకి తెస్తారు. ఆ వడ్డీ కట్టడానికి, "చీటీ డబ్బు ఇంటికి ఎందుకు తీసుకెళ్తారు, నా దగ్గరే ఉంచండి, రెండు రూపాయలు ఇస్తాను" అని మీ నాన్నగారి లాంటివాళ్లను అడుగుతారు. అక్కడి నుంచి కొత్తవాళ్ల అసలే పాతవాళ్ల వడ్డీగా మారుతుంది. ఇలా ఐదారేళ్లు కూడా నడుస్తుంది. అంటే, మొదటి పదిహేనేళ్లు ఆవిడ నిజంగానే నమ్మదగిన మనిషి అయి ఉండవచ్చు. మీ నాన్నగారి నమ్మకం ఏర్పడిన నాడు అది సరైన నమ్మకమే. ఆ తర్వాత ఆవిడ పరిస్థితి మారింది, ఆయన దగ్గరున్న సమాచారం మాత్రం పాతదే. పాత ఖాతాదారుల విషయంలో బ్యాంకులు దెబ్బతినేదీ సరిగ్గా ఇక్కడే.

దీనికి నాకు బాగా గుర్తున్న ఒక సంగతి చెబుతాను. నేను మేనేజరుగా ఉన్న ఒక శాఖలో బంగారం తాకట్టు మీద అప్పులు ఎక్కువగా ఇచ్చేవాళ్లం. నగలు చూసి విలువ కట్టే అప్రైజరు మూడు తరాల నుంచి కంసాలి పని చేస్తున్న కుటుంబం మనిషి. అరచేతిలో పట్టేంత నల్లటి గీటురాయి, చిన్న సీసాలో ఆమ్లం, త్రాసు, ఇవీ ఆయన సరంజామా. నగను రాయి మీద గీస్తే పసుపు గీత పడుతుంది. దాని మీద ఒక చుక్క ఆమ్లం వేస్తారు. మంచి బంగారమైతే గీత అలాగే నిలుస్తుంది. రాగి ఎక్కువ ఉంటే ఆకుపచ్చగా పొంగి చెరిగిపోతుంది.

ఒక శ్రావణమాసంలో, పన్నెండేళ్లుగా మా దగ్గర ఖాతా ఉన్న బట్టల వ్యాపారి ఆరు గాజులు తెచ్చారు. అంతకు ముందు మూడుసార్లు తాకట్టు పెట్టి, గడువు కంటే ముందే విడిపించుకున్న మనిషి. ఆ రోజు కౌంటరు దగ్గర జనం కిక్కిరిసి ఉన్నారు. అప్రైజరు రెండు గాజులు గీసి చూశారు, మిగతా నాలుగు తూచి పక్కన పెట్టారు. నేను ఆయన సంతకం చూసి నా సంతకం పెట్టాను. నాలుగు నెలల తర్వాత తనిఖీకి వచ్చిన అధికారి సంచి విప్పించి, ఆకురాయితో ఒక గాజు అంచును కొంచెం లోతుగా రుద్ది, ఆ చోట రాయి మీద గీశారు. చుక్క వేయగానే గీత ఆకుపచ్చగా మారి మా కళ్ల ముందే కరిగిపోయింది. పైన మందంగా బంగారం పూత, లోపల రాగి. ఆరింటిలో నాలుగు అలాంటివే.

ఆ వ్యాపారిని పిలిపించాం. ఆయన ముఖం పాలిపోయింది. తన దగ్గర ఏళ్ల తరబడి సరుకు అరువు తీసుకుపోయే ఒక పాత ఖాతాదారు బాకీ కింద ఇచ్చిన గాజులవి. "తెలిసిన మనిషి కదా అని నేనూ గీయించలేదు సార్" అన్నారు. ఎనిమిది నెలల్లో మొత్తం అప్పు తీర్చారు. నేను సంజాయిషీ రాసి ఇచ్చాను. పాత ఖాతాదారును వ్యాపారి నమ్మారు, వ్యాపారిని అప్రైజరు నమ్మారు, అప్రైజరును నేను నమ్మాను. నలుగురి చేతులు మారిన ఆ గాజుల్లో నాలుగింటిని మాలో ఒక్కరు కూడా రాయి మీద పెట్టలేదు. ప్రతి ఒక్కరికీ ముందున్న మనిషి మీద ఉన్న గౌరవమే సాక్ష్యంగా కనిపించింది.

మీ వీధిలోనూ ఇదే జరిగి ఉంటుంది. "పోస్టుమాస్టరుగారు పెట్టారట, టీచరుగారు పెట్టారట" అని విని మీ నాన్నగారు పెట్టి ఉంటారు. మాస్టారుగారే పెట్టారని విని మరో పదిమంది పెట్టి ఉంటారు. పెద్దపెద్దవాళ్లకూ ఇది తప్పలేదు. 2008 సెప్టెంబరులో సత్యం కంప్యూటర్స్‌కు మంచి కార్పొరేట్ పాలనకు గాను గోల్డెన్ పీకాక్ పురస్కారం ఇచ్చారు. 2009 జనవరి 7న ఆ సంస్థ చైర్మనే లేఖ రాశారు, పుస్తకాల్లో నగదు, బ్యాంకు నిల్వల కింద చూపిన 5,361 కోట్లలో 5,040 కోట్లు అసలు లేనే లేవని. పురస్కారం ఇచ్చినవాళ్లు, వాటాలు కొన్నవాళ్లు, అందులో ఉద్యోగం వస్తే గర్వపడిన మన తెలుగు కుటుంబాలు, అందరూ వేరే ఎవరో చూసే ఉంటారని అనుకున్నారు.

ఇప్పుడు మీ మనసును ఎక్కువగా బాధిస్తున్న ప్రశ్న. మీ మాట ఎందుకు వినలేదు?

మీరు రాసిన దానిలోనే ఒక వాక్యం ఉంది: "అమ్మ ఆసుపత్రిలో ఉన్నప్పుడు ఆవిడే పది రోజులు క్యారియర్ పంపారు." మీరు పుణెలో, తమ్ముడు బెంగళూరులో. మీ ఇద్దరి ప్రేమ ఆయనకు ఫోనులో అందింది, ఆవిడ సాయం వేడి అన్నంగా గుమ్మంలోకి వచ్చింది. మిమ్మల్ని తప్పుపట్టడానికి ఈ మాట అనడం లేదు, ఉద్యోగాలు ఎక్కడుంటే అక్కడ ఉండక తప్పదు. ఆ క్యారియర్ వెనక కపటం ఉందని కూడా నేను అనుకోను. కానీ అన్నం పంపడం ఆవిడ మనసుకు సాక్ష్యం. 9 లక్షలు తిరిగి ఇవ్వగలగడం ఆవిడ జమాఖర్చులకు సంబంధించినది. కృతజ్ఞత నిండిన మనసు ఈ రెండింటినీ విడదీసి చూడలేదు. మంచితనం ఒక చోట కనబడితే దాన్ని మనిషి అంతటికీ పరుస్తాం.

దానికి తోడు వడ్డీ. 9 లక్షలకు రెండు రూపాయల చొప్పున నెలకు 18,000. ఏడాదికి 2,16,000, అంటే నూటికి 24. ఇది ఏ వ్యాపారంలోంచి వస్తోందని ఆయన ఒక్కసారి కాగితం మీద వేసుకుని ఉంటే ఆగిపోయేవారు. కానీ ఒకటో తారీఖు చేతిలో పడే నోట్లు లెక్క కంటే బలంగా మాట్లాడతాయి. మొదట ఒక లక్ష, అది సవ్యంగా నడిస్తే మరో రెండు, ఇలా పెరిగి ఉంటుంది. ప్రతి నెల వడ్డీ ఆయనకు ఒక రుజువు. నిజానికి వడ్డీ రావడం అసలు భద్రంగా ఉందనడానికి రుజువు కాదు, ఆ నెల ఎక్కడి నుంచో డబ్బు సర్దుబాటైందనడానికి మాత్రమే రుజువు. "ఆవిడ దగ్గర డబ్బు బ్యాంకులో ఉన్నట్టే" అన్న మాట వీధిలో 22 ఏళ్లుగా తిరుగుతోంది. పదేపదే విన్న వాక్యం, అది నిజమైనా కాకపోయినా, నిజంలాగా అనిపించడం మొదలవుతుందని లిన్ హాషర్, డేవిడ్ గోల్డ్‌స్టీన్, థామస్ టొప్పినో 1977లోనే చూపించారు. చదువుకున్నవాళ్లకు అందులో మినహాయింపు లేదు.

ఇక మీరు చెప్పిన తీరు. మీ మాటల్ని మీరే రాశారు: "ఆవిడ మిమ్మల్ని ముంచుతుంది నాన్నా, ఈ వయసులో మీకు తెలియడం లేదు." అది ఆయన చెవికి ఆవిడ గురించిన హెచ్చరికగా వినబడలేదు. 40 ఏళ్లు పిల్లల లెక్కలు దిద్దిన మనిషికి మీ లెక్క తప్పిందని సొంత బిడ్డలు చెప్పినట్టు వినబడింది. ఒప్పుకుంటే ఆవిడతో పాటు తన తీర్పునూ తప్పని ఒప్పుకోవాలి. ఇలాంటప్పుడు మనుషులు తమ తీర్పును కాపాడుకోవడానికే నిలబడతారు. నేను చూసిన కుటుంబాల్లో హెచ్చరిక పనిచేసింది ఎప్పుడంటే, "మీరు పెట్టింది సరే, ఒక లక్ష వెనక్కి తెచ్చి అమ్మ పేరున డిపాజిట్ వేద్దాం" అన్నట్టు పని రూపంలో వచ్చినప్పుడు. ఆ లక్ష వెనక్కి రాకపోతే ఆయనకు ఎవరూ చెప్పనక్కర లేకుండానే తెలిసేది.

రెండో ప్రశ్న, గుర్తుపట్టే పద్ధతి. ముఖాల్లో లేకపోతే మరి ఎక్కడుంది? నాకు ఇది నేర్పినవాళ్లు డ్వాక్రా మహిళలు. గ్రామీణాభివృద్ధి బ్యాంకు అయిన నాబార్డు 1992లో 500 సంఘాలతో స్వయం సహాయక సంఘాలకు బ్యాంకు రుణాలు ఇచ్చే ప్రయోగం మొదలుపెట్టింది. ఆ తర్వాత మన ఊళ్లలో అది ఎంతగా పాకిందో మీకు తెలుసు. ఒకసారి బడి వరండాలో సంఘం సమావేశానికి వెళ్లాను. 25,000 అప్పుకు ఇద్దరు అడిగారు. ఒకామె తీర్మానాల పుస్తకం గడగడా చదివి వినిపించింది, గేదె కొంటే నెలకు ఎంత మిగులుతుందో లెక్క చెప్పింది. రెండో ఆమె స్తంభం పక్కన కూర్చుని కొంగు మడతలు పెట్టుకుంటూ ఒక్క మాట కూడా మాట్లాడలేదు. నా మొగ్గు మొదటి ఆమె వైపే. సంఘం మాత్రం రెండో ఆమెకు ఇమ్మంది. బయటికి వచ్చాక లీడరును కారణం అడిగాను. "ఆమె గ్లాసెడు పప్పు అరువు తీసుకెళ్తే గ్లాసు తిరిగొస్తుంది, పప్పు రాదు సార్. ఈమె పప్పు పోసి, పైన నాలుగు గింజలు ఎక్కువే వేస్తుంది" అంది. అప్పు సంఘం చెప్పినామెకే ఇచ్చాం. ఒక్క వాయిదా తప్పలేదు.

ఆ లీడరు చూసింది అప్పు అడిగే ముందు రోజు ప్రవర్తన కాదు. ఎవరూ కొలుస్తున్నారని తెలియని చోట, ఏళ్ల తరబడి, చిన్న చిన్న ఇచ్చిపుచ్చుకోవడాల్లో కనిపించిన అలవాటు. పైగా అందులో తమ పొదుపు కూడా ఇరుక్కుని ఉంది కాబట్టి సంఘంలో ఎవరూ మొహమాటానికి తల ఊపలేదు. అదే మనిషికి అదే సంఘం 10 లక్షలు ఇవ్వమనేదా అంటే, అనేది కాదు. పప్పు గ్లాసు 25,000కు సాక్ష్యం చెప్పగలదు, 10 లక్షలకు చెప్పలేదు.

అందుకే నేను ఇప్పుడు నా పిల్లలకు చెప్పేది ఇలా ఉంటుంది.

ఎవరిని, ఏ విషయంలో, ఎంతవరకు. "ఆయన నమ్మదగినవాడు" అనే వాక్యం అసంపూర్ణం. తాళంచెవి ఇచ్చి ఊరికి వెళ్లగలిగే పొరుగువారి దగ్గర కూడా డబ్బు ఉంచడానికి ఒక హద్దు ఉండాలి.

కనీసం ఒక్క సాక్ష్యం ఆ మనిషి నోటి నుంచి కాకుండా, ఆ మనిషిని నమ్మినవాళ్ల నోటి నుంచి కూడా కాకుండా రావాలి. చీటీ విషయంలో ఇది చాలా సులువు. 1982 నాటి చిట్‌ఫండ్ చట్టం ప్రకారం ప్రభుత్వం నుంచి ముందస్తు అనుమతి, రిజిస్ట్రేషన్ లేకుండా చీటీ నడపకూడదు. నడిపేవాళ్లు చీటీ మొత్తానికి తగిన హామీ ముందే చూపాలి. 2019 సవరణ తర్వాత కమీషను నూటికి 7 మించకూడదు. ఆ చట్టం రాసినవాళ్లు నడిపే మనిషి మంచితనం గురించి ఒక్క మాట కూడా అడగలేదు. మునిగితే తీసి ఇవ్వడానికి పక్కన ఏం పెట్టారని అడిగారు. మనం అడగవలసిందీ అదే.

అసలును అప్పుడప్పుడు వెనక్కి తీసుకుని చూడండి. వడ్డీ రావడం చూసి ఊరట పడవద్దు. ఏడాదికోసారి అసలులో చెప్పుకోదగ్గ భాగం అడగండి. "వచ్చే నెల, ఆ పై నెల" అంటే అక్కడే ఆగండి. ఇది కూడా పూర్తి రక్ష కాదు. పేరు నిలుపుకోవడానికి కొందరు ఒకసారి ఠక్కున తెచ్చి ఇస్తారు, ఆ ధైర్యంతో మనం రెట్టింపు పెడతాం.

కాగితం అడిగితే "నన్నే అనుమానిస్తారా?" అనే మాట వస్తుంది. మన ఊళ్లలో ఈ మాటకే అందరం నోరు మూసుకుంటాం. నిజాయతీపరులు కూడా నొచ్చుకుని ఈ మాట అనవచ్చు కాబట్టి దాన్ని మోసానికి గుర్తుగా తీసుకోవద్దు. అడగడాన్ని ఇంటి పద్ధతిగా పెట్టుకుంటే ఆ నొప్పి ఉండదు. నా విషయంలో అయితే, సొంత తమ్ముడికి ఇచ్చినా కాగితం రాసుకుంటాను, నేను తీసుకున్నా రాసి ఇస్తాను. ఇరవై ఏళ్లుగా అలాగే చేస్తున్నాను కాబట్టి మా ఇంట్లో ఎవరూ దాన్ని అనుమానంగా చూడరు.

ఒక్క మినహాయింపు. ఇదంతా తెలిసిన మనుషుల గురించి. పోలీసులమనో సీబీఐ అనో వీడియో కాల్ చేసి "డిజిటల్ అరెస్టు చేశాం" అని బెదిరించేవాళ్ల దారి వేరు. వాళ్లు ఆలోచించే వ్యవధి ఇవ్వకుండా, ఇంట్లోవాళ్లతో కూడా మాట్లాడనివ్వకుండా భయంతో పని జరిపించుకుంటారు. మన చట్టంలో డిజిటల్ అరెస్టు అనేదే లేదు. ఫోను పెట్టేసి సైబర్ మోసాల సహాయ నంబరు 1930కి ఫిర్యాదు చేయడం ఒక్కటే చేయవలసిన పని. ఈ నంబరు మీ నాన్నగారి ఫోనులో ఈ రోజే ఎక్కించండి. ఒకసారి డబ్బు పోగొట్టుకున్నవాళ్లకు "మీ డబ్బు తిరిగి ఇప్పిస్తాం" అని ఫోన్లు రావడం కూడా మామూలే.

మూడో ప్రశ్న, ఇక ఎవరినీ నమ్మకూడదా? దయచేసి ఆ నిర్ణయానికి మాత్రం రావద్దు, మీ నాన్నగారిని రానివ్వవద్దు. తోషియో యమగిషి అనే జపాను శాస్త్రవేత్త హొక్కైడో విశ్వవిద్యాలయంలో ఏళ్ల తరబడి దీని మీద పరిశోధించారు. ఆయనకు కనిపించింది చాలామంది అనుకునేదానికి విరుద్ధం. సాధారణంగా మనుషులను నమ్మేవాళ్లే, ఎదుటివాళ్లు నమ్మదగినవాళ్లు కాదని సూచించే సమాచారానికి త్వరగా స్పందించి తమ అంచనా మార్చుకున్నారు. కారణం ఆలోచిస్తే అర్థమవుతుంది. నమ్మేవాళ్లు పదిమందితో కలుస్తారు, చిన్న దెబ్బలు తింటారు, తేడా నేర్చుకుంటారు. తలుపు వేసుకుని కూర్చున్నవాళ్లకు ఆ అభ్యాసమే ఉండదు. చివరికి వాళ్లు ఒకరిద్దరినే పూర్తిగా నమ్ముతారు, ఆ ఒకరిద్దరు మాట తప్పితే మొత్తం పోతుంది. మా శాఖలో బ్యాంకును కూడా నమ్మని ఒక పెద్దాయన ఉండేవారు. ఆయన డబ్బంతా మేనల్లుడి చేతిలోనే పోయింది.

ఇప్పుడు చేయవలసినవి. చీటీ పుస్తకాలు, ఆవిడ చేతిరాత ఉన్న చీటీలు, ఫోనులో వచ్చిన సందేశాలు, బ్యాంకు నుంచి డబ్బు తీసిన తేదీలు, అన్నీ ఒక చోట చేర్చండి. వీధిలో మిగతా బాధితులతో కలిసి పోలీసు ఫిర్యాదు ఇవ్వండి. ఒక్కరుగా వెళ్తే చేబదులు తగాదాగా చూసే అవకాశం ఉంది. ఉమ్మడి రాష్ట్రంలో 1999లో వచ్చిన డిపాజిటర్ల రక్షణ చట్టం, 2019లో కేంద్రం తెచ్చిన అనియంత్రిత డిపాజిట్ల నిషేధ చట్టం, ఈ రెండింటి గురించి మీ ఊళ్లోని న్యాయవాదిని అడగండి. డబ్బు మొత్తం వస్తుందని నేను ఆశ పెట్టలేను.

"ఎలా నమ్మావు నాన్నా?" అని మాత్రం మళ్లీ అడగవద్దు. ఆ ప్రశ్న ఆయన రోజూ తనను తాను అడుగుకుంటూనే ఉంటారు. దానికి బదులు ఒక కొత్త నోటుపుస్తకం, పెన్ను ఆయన ముందు పెట్టండి. ఎవరు ఎంత పెట్టారు, ఏ తేదీన, ఎంత వడ్డీ ముట్టింది, అసలు ఎంత రావాలి అని వీధి మొత్తం బాధితుల లెక్క ఫిర్యాదుకు కావాలి. మీ వీధిలో ఆ లెక్క తప్పు లేకుండా వేయగలిగిన మనిషి ఆయనే. వేసిన పట్టిక ఫొటో తీసి ఇక్కడ పెడితే, పేర్లు కనబడకుండా చూసి పెట్టండి, ఫిర్యాదుకు ఏ వరుసలో ఉంటే బాగుంటుందో నేను చూసి చెబుతాను.